ఆదాయం పెరిగితే చాలదు.. నిలవాలి
పుర బాండ్ల నిధి లెక్కలు చదవడం ఇలా

జమ్మికుంట: పురపాలక సంఘాల ఆదాయం ఏటా పెరుగుతున్నట్లు అంకెలు చూపినంత మాత్రాన వాటి బాండ్లలో పెట్టిన సొమ్ముకు భరోసా దొరికినట్లు కాదు. ఆ ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది, మరుసటి ఏడాదీ వస్తుందా అన్నదే ప్రధానం. ఈ అప్పులు తీర్చడంలో ఇంటిపన్నుదే పెద్ద పాత్ర. అందువల్ల ఈ లెక్క మదుపరులకే కాక పన్ను కట్టే ప్రతి కుటుంబానికీ అవసరం.

ఉమ్మడి నిధి ఎందుకు?
తాగునీరు, మురుగు కాలువలు, రహదారుల కోసం పురపాలక సంస్థలు బాండ్లు జారీ చేసి అప్పు తెచ్చుకుంటాయి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1998లో ప్రభుత్వ పూచీ లేకుండానే రూ.100 కోట్లు సమీకరించింది. జమ్మికుంట వంటి చిన్న పట్టణాలకు ఇది ఒంటరిగా సాధ్యపడటం కష్టం. కావలసిన మొత్తం తక్కువ, రేటింగు, జారీ ఖర్చులు ఎక్కువ. ఇందుకు తమిళనాడు 2002లో దారి చూపింది. పదికి పైగా చిన్న పట్టణాల అవసరాలను కలిపి, ఉమ్మడి నిధి ద్వారా రూ.30 కోట్లకు పైగా బాండ్లు జారీ చేసింది. పట్టణాలు కట్టే వాయిదాలే అలాంటి నిధికి రాబడి. కనుక నిధిని అంచనా వేయాలంటే పట్టణాల ఖజానాలను చూడాల్సిందే.

ఏది నిలకడ.. ఏది తాత్కాలికం?
ఇంటిపన్ను, నీటి పన్ను, వ్యాపార లైసెన్సు రుసుములు ఏటా వచ్చేవి. భవన అనుమతుల రుసుము, రిజిస్ట్రేషన్లపై వచ్చే వాటా స్థిరాస్తి వ్యాపారాన్ని బట్టి మారతాయి. లేఅవుట్ల క్రమబద్ధీకరణ సొమ్ము ఒక్కసారి వచ్చేదే. ప్రభుత్వ గ్రాంట్లు చాలావరకు నిర్దేశించిన పనులకే ఖర్చు చేయాలి. ఉదాహరణకు ఒక పట్టణ ఆదాయం రూ.10 కోట్ల నుంచి రూ.12 కోట్లకు చేరిందనుకుందాం. పెరిగిన రూ.2 కోట్లూ గ్రాంటే అయితే 20 శాతం వృద్ధి కాగితాలకే పరిమితం. అప్పు తీర్చే శక్తి ఉన్నచోటే ఉంటుంది.

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పేరుంది. అయితే అక్కడి మార్కెట్ రుసుము వ్యవసాయ మార్కెట్ కమిటీకి చెందుతుంది. యార్డు కళకళలాడినంతనే పురపాలక ఖజానా నిండదు.

హైదరాబాద్ అనుభవం
జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి రూ.200 కోట్లు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి రూ.195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 శాతానికి రూ.100 కోట్లు సేకరించింది. ఈ రూ.495 కోట్లపై వడ్డీయే ఏడాదికి రూ.46 కోట్లు దాటుతుంది. వసూళ్లు తగ్గిన ఏడాదీ అది ఆగదు. 2020లో ఆస్తిపన్ను బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించారు. ఇలాంటి రాయితీతో వచ్చే పాత బాకీలు ఆ ఏడాది వసూళ్లను పెంచుతాయి. దానిని ఏటా వచ్చే వృద్ధిగా భావిస్తే లెక్క తప్పుతుంది.

గమనించాల్సినవి
* ఒక్క ఏడాది కాక, కనీసం మూడేళ్ల సొంత ఆదాయాన్ని పోల్చాలి.
* ముందస్తు చెల్లింపుపై 5 శాతం రాయితీతో ఏప్రిల్‌లో, ఆర్థిక సంవత్సరం ముగింపుతో మార్చిలో వసూళ్లు పెరుగుతాయి. ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోనే సరిచూడాలి.
* పన్ను డిమాండులో ఎంత శాతం వసూలైందో చూడాలి.
* జీతాలు, విద్యుత్ బిల్లులు పోగా మిగిలేది వాయిదాకు సరిపోవాలి.
* వాయిదా సొమ్ము ముందుగానే ప్రత్యేక ఖాతాలో జమవుతోందా అన్నది తెలుసుకోవాలి.

ఆ మిగులు చాలకపోతే కోత పడేది వీధి దీపాలు, పారిశుద్ధ్యం పైనే. లేదంటే ఇంటిపన్ను పెరుగుతుంది. బడ్జెట్ సమావేశంలో మొత్తం ఆదాయం కన్నా ముందు ఈ మిగులు ఎంతో సభ్యులు అడగాల్సి ఉంది.