అమ్ముదురా? అమ్మరా?

ఆటల ముచ్చట మగవారిదే గాని మనకేల యనుకొను సోదరీమణులు కొందరుందురు. కాని నేడు మన యిండ్లలో సైతము పిల్లలు ప్రొద్దుపోవువరకు టెలివిజనుముందు గూర్చుండి ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు ఆటలు చూచుచున్నారు. వేసవి వచ్చినచో అక్కడ ఆట యుండదు. అప్పుడు వారి నోట నొక్కటే ప్రశ్న: ఫలానావానిని ఈ యేడు అమ్ముదురా, అమ్మరా? మనుష్యుని అమ్ముట యను మాట చెవిని బడినంతనే ఏ తల్లికైనను మనస్సు చివుక్కుమనక మానదు. ఆ మాట వెనుకనున్న సంగతి యెట్టిదో, దానినిగూర్చి వేలకొలది జనులు తమ సొంత బిడ్డనుగూర్చినట్లు ఏల వాదులాడుకొందురో తెలిసికొనుట మనకు నుచితమే.

ముందుగా అమ్మకమనగా నేమో చూతము. ఆటగాడు ఒక క్లబ్బుతో కొన్ని సంవత్సరములకు ఒడంబడిక వ్రాసికొనును. ఆ గడువు తీరకముందే వేరొక క్లబ్బు వానిని కోరినచో, మొదటి క్లబ్బునకు ధనమిచ్చి ఆ యొడంబడికనుండి వానిని విడిపించుకొనవలెను. ఆటగాడు సమ్మతింపనిదే యిది జరుగదు. మొదటి క్లబ్బు సమ్మతింపనిదే మామూలుగా జరుగదు. కాబట్టి చేతులు మారునది ఒడంబడికయే గాని మనుష్యుడు గాడు. అయినను లోకమంతయు కొనిరి, అమ్మిరి యనియే చెప్పుకొనుచున్నది.

ఇందులకు మంచి నిదర్శనముగా నొక కథ కలదు. లివర్‌పూల్ నగరమున ఎవర్టన్ అను క్లబ్బున్నది. 1878వ సంవత్సరమున ఒక ప్రార్థనామందిరమునకు చెందినవారు దానిని స్థాపించిరి. 1892 మొదలు 2025 వరకు గుడిసన్ పార్కు అను మైదానము దాని పురుషుల జట్టునకు నివాసము. ఆ క్లబ్బు ముద్దుపేరు మిఠాయిమీద వచ్చినది. ఆటకు ముందు ఒక బాలిక మైదానముచుట్టు తిరుగుచు జనులమీదికి మిఠాయిబిళ్లలు విసరుట అక్కడి యాచారము. తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత కొడుకు ఆ మెట్లమీద గూర్చుండి చూచిన కుటుంబము లనేకములు. ఇంగ్లండు దేశపు లీగు విజయము తొమ్మిది పర్యాయములు ఆ యింటికి వచ్చినది. కాని కడపటిది 1987లో. 1995లో ఎఫ్.ఏ. కప్పు వచ్చిన పిమ్మట పెద్ద బహుమానమేదియు రాలేదు. పూర్వవైభవము జ్ఞప్తియందుండి, చేత ధనము చాలని పెద్దింటి వంటిదని తలపుడు.

అట్టి యింటికి 2013 జనవరిలో జాన్ స్టోన్స్ అను పదునెనిమిదేండ్ల బాలుడు వచ్చెను. బార్న్స్‌లీ అను చిన్న పట్టణపు క్లబ్బునుండి సుమారు 30 లక్షల పౌనులకు వచ్చినాడు. అతడు డిఫెండరు, అనగా తమ గోలుముంగిట నిలిచి యెదుటివారిని అడ్డగించువాడు. మావారు బడిపిల్లలకు ఈ యాట నేర్పునపుడు ముందుకు పరుగెత్తి గోలు కొట్టుటకు అందరును ఎగబడుదురట; వెనుక నిలువుమన్నచో ముఖము ముడుచుకొందురట. గోలు కొట్టినవానిని జనులు భుజములపై నెక్కింతురు. వెనుకవాడు తొంబది నిమిషములు కాచి ఒక్క నిమిషము తప్పిన చాలును, ఆ యొక్కటే లెక్క. వంటయింటి పనిలో ఆరితేరిన మనకు ఈ న్యాయము క్రొత్తది గాదు. స్టోన్స్ అట్టి చోటనుండియు బంతిని తొందరపడి దూరముగా తన్నివేయక, నెమ్మదిగా కాలితో నడపించుకొని పోవువాడు. అది చూచి ముచ్చటపడనివారు లేరు.

2015 వేసవిలో లండను నగరపు చెల్సీ క్లబ్బువారు అతనిని కోరిరి. పత్రికలు వ్రాసినదానినిబట్టి బేరము సుమారు 2 కోట్ల పౌనులతో మొదలై, పలుమార్లు పెరిగి, 3 కోట్లవరకు పోయెను. ఎవర్టన్ వారు ప్రతిమారును వలదనిరి. అభిమానులు ధనముతో స్టోన్సును కొనజాలరని పతాకమునే చూపిరి. ఆగస్టు నెల చివరను, తన్ను పోనిండని ఆ యువకుడే వ్రాసి యిచ్చెను. క్లబ్బు దానినిగూడ త్రోసిపుచ్చెను. అంతకు ముందటి యేడే అతడు ఐదేండ్ల ఒడంబడికపై చేవ్రాలు చేసియుండెను గనుక ఆ యధికారము వారికి గలదు.

ఇట్టివేళ అభిమానులలో బయలుదేరు వాదములు మూడు విధములు.

మొదటి పక్షము ఉంచవలెనను వారిది. ఇంటి దూలము నమ్ముకొని ఆ ధనముతో గోడలకు సున్నము కొట్టించుట తెలివిగాదని వారి వాదము. ఒకడు పోయిన మిగిలినవారును త్రోవ చూచుకొందురు. మనమెప్పుడును పెద్దవారికి బిడ్డలను పెంచి యిచ్చు దాదులమే యగుదుము అని వారి దుఃఖము. ఆ దుఃఖమునకు కారణము లేకపోలేదు. 2004లో ఆ నగరముననే పుట్టి, ఆ క్లబ్బుననే పెరిగిన వేన్ రూనీ అను పదునెనిమిదేండ్ల మేటి యాటగాడు మాంచెస్టర్ యునైటెడ్‌కు తరలిపోయెను. ఆ గాయము వారికింకను మానలేదు.

రెండవ పక్షము అమ్మవలెనను వారిది. ముప్పది లక్షలకు వచ్చినవానికి పదిరెట్లు వచ్చుచున్నది. ఆ సొమ్ముతో మూడు చోట్ల చిల్లులు పూడ్చవచ్చును. పైగా మనసు పోయినవానిని కట్టివేసి ఆడించిన ఆట యేమి రక్తికట్టును? రేపు కాలు విరిగిన ఈ ధర యుండునా? ఒడంబడిక గడువు దగ్గరపడుకొలది వెల తగ్గునే గాని పెరుగదు అని వారి లెక్క.

మూడవ పక్షమువారు పిల్లవాని మేలు తలపోయుదురు. వీరిలోను ఏకాభిప్రాయము లేదు. ఇరువదియొక్క యేండ్లవాడు ఇంట గెలిచి రచ్చ గెలువవలెను గదా, మరి రెండేండ్లు ఇక్కడనే యాడి పండనిండు అని కొందరు. ఆటగాని ప్రాయము ముప్పదియైదేండ్లకే తీరిపోవును, పెద్ద చోటునకు పిలుపు మరల వచ్చునో రాదో అని మరికొందరు.

ఈ వాదములలో డబ్బు లెక్క మనకు సులభముగా బోధపడును. ఐదేండ్ల ఒడంబడికపై కోటి పౌనులకు ఒకనిని కొన్నారనుకొందము. క్లబ్బు తన పద్దులలో ఏటికి ఇరువది లక్షల చొప్పున ఆ ఖర్చు వ్రాసికొనును. రెండేండ్లు గడచునప్పటికి పద్దులో మిగులు వెల అరువది లక్షలే. అప్పుడు రెండుకోట్లకు అమ్మినచో ఒక కోటి నలుబది లక్షలు లాభము. తమయొద్దనే బాల్యమునుండి పెరిగినవానికి కొన్నవెల యనునది లేదు గనుక వచ్చినదంతయు లాభముక్రిందనే చేరును. ఇందువలన నష్టములలో నున్న క్లబ్బునకు మొట్టమొదట అమ్మబుద్ధి పుట్టునది ఎవరిమీదననగా, తాను పెంచినవానిమీదను, చౌకగా తెచ్చి తీర్చినవానిమీదను. ఇల్లాలు పుట్టింటివారిచ్చిన నగను మొదట తాకట్టు పెట్టినట్లే యిదియు.

ఇక మనుష్యుని అమ్ముట యను మాటకు వత్తము. అది వట్టి నోటిమాట గాదని, దానివెనుక నొక చరిత్ర కలదని తెలిసిన నాకు ఆశ్చర్యము గలిగినది. పూర్వము ఇంగ్లండులో ఒడంబడిక గడువు తీరినను క్లబ్బు విడువనిదే ఆటగాడు వేరొక చోటికి పోరాదు. 1961 వరకు వారమునకు ఇంతకుమించి జీతమీయరాదను కట్టుబాటును ఉండెను. కడపట అది 20 పౌనులు. న్యూకాసిల్ క్లబ్బున జార్జి ఈస్ట్‌హాం అను ఆటగాడు తన్ను విడువనందుకు న్యాయస్థానమున వ్యాజ్యెమాడగా, 1963లో న్యాయాధిపతి ఆ కట్టుబాటు అన్యాయమని తీర్పు చెప్పెను. అటుపిమ్మట బెల్జియము దేశపు బోస్మన్ అను ఆటగాని వ్యాజ్యెములో 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము వేరొక తీర్పు చెప్పెను. దానినిబట్టి ఐరోపా సమాఖ్యలోని ఆటగాడు గడువు తీరినపిమ్మట అక్కడి వేరొక దేశపు క్లబ్బునకు పోవునపుడు పాత క్లబ్బు రుసుము అడుగరాదు. మన దేశమున కన్యాశుల్కమను దురాచారము మాన్పుటకు పెద్దలెంత శ్రమపడిరో మనకు తెలియును. ఆటగాని జీతము వేరు, ఆడపిల్ల బ్రతుకు వేరు. రెంటిని సరితూచుట తగదు. కాని సొమ్ము చేతులు మారునపుడు ఎవరి బ్రతుకుగూర్చి బేరము సాగుచున్నదో వారి మాట యడుగవలెనను ధర్మము రెండుచోట్ల నొక్కటే.

స్టోన్స్ కథ యెట్లు ముగిసెను? 2015 సెప్టెంబరు 12వ తేదీన అతడు ఎవర్టన్ పక్షమున ఆడగా, ఆ చెల్సీ జట్టునే 3-1గా ఓడించిరి. ఉంచినవారి మాట నెగ్గినట్లే యుండెను. కాని మరుసటి జనవరిలో ఒకనాడు అతడు తన గోలుముంగిటనే బంతిని అటునిటు త్రిప్పుచు నిలువగా, వలదు వలదని జనులు గోలపెట్టిరి. అతడు చేతులతో శాంతింపుడని సైగచేసెను. ఏ నెమ్మదిని ముచ్చటగా చెప్పుకొనిరో ఆ నెమ్మదియే ఇప్పుడు వారికి గుండెదడయైనది. ఆ యేడు జట్టు పదునొకండవ స్థానమున నిలిచెను, మేనేజరును తొలగించిరి. 2016 ఆగస్టు 9వ తేదీన స్టోన్స్ 4 కోట్ల 75 లక్షల పౌనులకు మాంచెస్టర్ సిటీకి వెడలిపోయెను.

మరునాడే ఎవర్టన్ వారు సుమారు 1 కోటి 20 లక్షలకు ఆష్లీ విలియమ్స్ అను ముప్పదియొక్క యేండ్ల డిఫెండరును తెచ్చిరి. కొలది దినములలోనే యానిక్ బొలాసీ యను మరియొకనిని సుమారు రెండున్నర కోట్లకు కొనగా, పాపమతనికి ఆ డిసెంబరులోనే మోకాలు చెడినది. స్టోన్స్ సిటీతో ఆరు లీగు విజయములును, 2023లో ఐరోపా ఛాంపియన్ల కప్పును పొందెను. అతడు పోవుట అతనికి మేలయ్యెననుటకు సందేహము లేదు. క్లబ్బు మాత్రము క్రిందికి జారుచు పోయెను. మూడేండ్లలో 10 కోట్ల 50 లక్షల పౌనులకు మించి నష్టపడరాదను నాటి నియమము దాటినందుకు 2023 నవంబరులో దానికి 10 పాయింట్లు తగ్గించిరి. మొరపెట్టుకొనగా అది 6 అయ్యెను. 2024 ఏప్రిలులో మరి 2 పోయినవి. అమ్మినందువలన ఇల్లు చెడలేదు. వచ్చినది ఎట్లు వినియోగింపవలెనో తెలియకుండుటవలన చెడినది.

ఆ కష్టకాలముననే పాత ప్రశ్న మరల తల యెత్తెను. 2020లో కార్లైల్ అను చిన్న క్లబ్బునుండి వచ్చిన జారడ్ బ్రాన్త్‌వైట్ ఇప్పుడు గోలుముంగిట నిలుచుచుండెను. 2024 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ వారు రెండుమార్లు అతనికై బేరమాడిరి. పత్రికల వ్రాత ప్రకారము మొదటిది 3 కోట్ల 50 లక్షలు, రెండవది 4 కోట్ల 50 లక్షల ప్రాంతము. లెక్కలు చూచినవారందరు ఈతడు తప్పక పోవుననిరి. క్లబ్బు వలదనెను, ఆ వేసవి ఓనానా యను వేరొక యువకుని 5 కోట్లకు విడిచిపెట్టి ఇతనిని ఉంచుకొనెను. 2025 జూలైలో బ్రాన్త్‌వైట్ తానై 2030 వరకు క్రొత్త ఒడంబడికపై చేవ్రాలు చేసెను. ఆ వేసవిలోనే క్లబ్బు నదీతీరమున కట్టిన క్రొత్త మైదానమునకు గృహప్రవేశము చేసినది. పాత గుడిసన్ పార్కు శిథిలముగాక ఆ క్లబ్బు స్త్రీల జట్టునకు సొంతయిల్లైనదని విని నేను మిక్కిలి సంతసించితిని.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నాకొకటి తోచుచున్నది. మొదటివానిని ఒడంబడిక యాపినది. అది ఒక్క యేడు మాత్రమే యాపగలిగినది. రెండవవాడు తానై యుండుటకు సమ్మతించినాడు. అడ్డుగడియకును అనురాగమునకును గల భేదమిదియే. కాబట్టి అమ్ముదురా, అమ్మరా యని ప్రశ్నించుటకంటె, ఉండదగినట్లుగా మన యిల్లున్నదా యని ప్రశ్నించుట మేలు.

అభిమానులను చూచి నవ్వువారు కలరు. క్లబ్బులో వీరికి వాటా లేదు, బేరములో మాట లేదు, కాగితముపై చేవ్రాలు లేదు. అయినను రాత్రియంతయు నిద్రమానుకొని తర్కించుట యేమి వెర్రి యందురు. నాకు మాత్రము నవ్వు రాదు. తమకు ఓటు లేనిచోట తమ మనసునంతయు పెట్టుట మన తల్లులకును, అవ్వలకును వాడుకయే గదా! పొలము అమ్మినను, చదువు మాన్పించినను, దూరదేశమునకు పంపినను, నిర్ణయము వేరొకరిది, కన్నీరు వారిది. అట్టి ప్రేమను వెర్రి యనరాదు. దానిని అడిగి తెలిసికొనువారు లేకుండుటయే లోపము.

సోదరీమణులారా! ఇకమీద మీ పిల్లలు ఎవని అమ్మకమునుగూర్చియో వాదులాడుచుండగా విసుగుకొనకుడు. దగ్గర గూర్చుండి, ఆ పిల్లవాని ఇష్టమేమో కూడ అడిగితిరా యని యొక్కమాట వేయుడు. వెల కట్టుటకు ముందు మనసు తెలిసికొనవలెనను నీతి వారికి ఆటలోనే యలవడినచో, రేపు సంసారములో నేర్పవలసిన శ్రమ మనకు తప్పును.