పేరు ఒకటే, తాళం వేరు: కెర్నెల్ లాక్‌లతో జాగ్రత్త

లైనక్స్‌లో చక్కగా నడిచే నెట్‌వర్క్ కోడ్‌ని ఫ్రీబీఎస్‌డీకో, ఓపెన్‌బీఎస్‌డీకో మార్చామనుకోండి. కంపైల్ అవుతుంది, రెండ్రోజులు నడుస్తుంది, ఒకరోజు సడన్‌గా బిగుసుకుపోతుంది. ఆ రౌటర్ చర్లలో ఉంటే? ఖమ్మం నుంచి కొత్తగూడెం, భద్రాచలం దాటి, అడవి దారిలో వెళ్లి స్విచ్ నొక్కి రావాలి! ఇలాంటి చోట ముందుగా అనుమానించాల్సింది లాక్‌ని.

లాక్ ఎందుకంటే, రెండు కోర్‌లు ఒకే టేబుల్‌ని ఒకేసారి మార్చకూడదు. ఒకటి మారుస్తుంటే రెండోది ఆగాలి. ఎలా ఆగాలి అన్నదే అసలు ప్రశ్న.

రైల్వే గేటు పడింది, రైలు కనిపిస్తోంది. బండి ఇంజిన్ ఆపం కదా? అది స్పిన్‌లాక్. కోర్ అక్కడే తిరుగుతూ ఎదురుచూస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటామా? బండి పక్కన పెట్టి పడుకుంటాం. అది స్లీప్ లాక్. కోర్ ఈలోపు వేరే పని చూసుకుంటుంది.

ఇప్పుడు చిక్కు వినండి. లైనక్స్‌లో వచ్చిన ప్యాకెట్‌ని సాధారణంగా సాఫ్ట్‌ఐఆర్‌క్యూలో చూస్తారు. అక్కడ నిద్ర నిషేధం, కాబట్టి మ్యూటెక్స్ వాడకూడదు, స్పిన్‌లాక్ వాడాలి. అదే లాక్‌ని మామూలు ప్రాసెస్ కోడ్ కూడా తీసుకుంటుంటే, అక్కడ స్పిన్_లాక్_బీహెచ్ వాడాలి. లేకపోతే లాక్ పట్టుకున్నవాడి మీదికే సాఫ్ట్‌ఐఆర్‌క్యూ వచ్చి, అదే లాక్ కోసం తిరుగుతూ ఉంటుంది. వాడు కదలడు, ఇది వదలదు.

ఫ్రీబీఎస్‌డీలో ఇంటరప్ట్ పని చాలావరకు థ్రెడ్‌లలో నడుస్తుంది. అందుకే నెట్‌వర్క్ డ్రైవర్లు మామూలు మ్యూటెక్స్‌నే వాడతాయి. కానీ దాన్ని పట్టుకుని నిద్రపోకూడదు. మెమరీ కోసం ఆగే మాలక్ కూడా పిలవకూడదు. అంటే లైనక్స్ స్పిన్‌లాక్‌కి అక్కడ దగ్గరి జోడీ మ్యూటెక్స్, లైనక్స్ మ్యూటెక్స్‌కి జోడీ ఎస్‌ఎక్స్ లాక్. ఓపెన్‌బీఎస్‌డీలో ఇంకో తమాషా: మ్యూటెక్స్ తిరుగుతుంది, ఆర్‌డబ్ల్యూలాక్ నిద్రపోతుంది. మామూలు లైనక్స్‌లో సరిగ్గా రివర్స్! కాబట్టి ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి పోర్టింగ్ అయిపోయింది అనుకోకండి.

వైర్‌గార్డ్ సంగతే చూడండి. 2020 మార్చిలో లైనక్స్ 5.6లోకి, అక్టోబర్‌లో ఓపెన్‌బీఎస్‌డీ 6.8లోకి వచ్చింది. ఫ్రీబీఎస్‌డీకి చేసిన మొదటి పోర్ట్‌లో రేస్ కండిషన్లు కప్పిపుచ్చడానికి మధ్యమధ్యలో స్లీప్‌లు పెట్టారని, వైర్‌గార్డ్ రచయిత జేసన్ డోనెన్‌ఫెల్డ్ 2021లో రాశారు. 13.0 విడుదలకి ముందే ఆ కోడ్‌ని తీసేశారు. తిరగరాసిన కోడ్ 2023లో 13.2తో వచ్చింది.

అందుకే లాక్ పేరు చూడకండి, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కోడ్ ఎక్కడ నడుస్తుంది? ఇక్కడ నిద్రపోవచ్చా? లాక్ ఎంతసేపు పట్టుకుంటాం? తర్వాత లైనక్స్‌లో లాక్‌డెప్, ఫ్రీబీఎస్‌డీలో విట్‌నెస్ ఆన్ చేసి టెస్ట్ చేయండి. తప్పు మీ టేబుల్ మీదే దొరకాలి, చర్ల దాకా వెళ్లాక కాదు. మళ్లీ కలుద్దాం, ఉంటాను!