'పవరు' శబ్దము: తెలుగున దాని అర్థభేదములు

అడిక్‌మెట్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఆంగ్లశాస్త్రపదములతోడి చిక్కు పుట్టుకతోనే వచ్చినది. 1918లో వెలసిన యీ విద్యాపీఠమునకు ఉరుదూ బోధనభాషగా నిర్ణయింపబడుటచే, అంతకు ముందుగా 1917లోనే అనువాదశాఖ నెలకొల్పబడెను. అచటి యాచార్యులలో నొకడగు వహీదుద్దీన్ సలీమ్ పరిభాషాకల్పనమును గూర్చియే 1921లో ఒక గ్రంథమును వెలువరించెను. 1948 తరువాత బోధనము ఆంగ్లమునకు మారినది. 1968లో తెలుగు అకాడమి యేర్పడి కళాశాలల పాఠ్యగ్రంథములను తెలుగున సిద్ధపరచు పనికి పూనుకొనగా, ఆ చిక్కులే తెలుగువారి యెదుట మరల నిలిచెను. అవి యెట్టివో తెలియుటకు పెక్కు పదము లక్కఱలేదు. 'పవరు' అను నొక్క మాట చాలును.

"కండ్లద్దాలకు పవరు పెరిగింది", "పవరు పోయింది", "పవరులో ఉన్న పార్టీ" అని తార్నాక వీథులలో నెవరైనను అందురు. మూడుచోట్లను వస్తువు వేఱు. వినువారికి సందర్భమే యర్థమును తెలుపును. పాఠశాలలో ఆ సౌకర్యము లేదు. నిఘంటువు చూచి 'శక్తి' యని వ్రాసికొన్న బాలుడు భౌతికశాస్త్రమున అడుగడుగునను తప్పును.

ఏలయన, ఆ శాస్త్రమున 'శక్తి' యను పేరు 'ఎనర్జీ'కి ఈయబడినది. 'ఫోర్సు' బలము, 'పవరు' సామర్థ్యము. శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యను శక్తులు గలవని చదివిన పండితులకు శక్తిశబ్దము నిట్లు కట్టివేయుట రుచింపకపోవచ్చును. కాని కట్టివేయనిచో లెక్క కుదురదు. ఇద్దఱు కూలీలు సమానమైన బరువులను ఒకే మేడమీదికి చేర్చిరనుకొనుడు. ఒకనికి ఒక నిమిషమును, మఱియొకనికి రెండు నిమిషములును పట్టినచో, బరువులపై జరిగిన పని సమానమే. మొదటివాని సామర్థ్యము మాత్రము రెట్టింపు. ఇట్టిచోట 'అశ్వశక్తి' యను పాత మాట భ్రమకు కారణమైనది. అది సుమారు 746 వాట్ల సామర్థ్యమునకు పేరు. పేరులో మాత్రము శక్తి నిలిచిపోయినది. 'అశ్వసామర్థ్యము' అనుట మేలు. పంపుసెట్టు కొను రైతు 'హెచ్‌పి' యని యీ వివాదమును తప్పించుకొనినాడు.

ఆంగ్లమే తడబడిన చోటును గలదు. ఇంటి మీటరు లెక్కించు యూనిటు ఒక కిలోవాట్-గంట, అనగా 36 లక్షల జౌలులు. అది శక్తియే గాని సామర్థ్యము గాదు. ఆంగ్లమున దానిని 'పవరు' అని వదులుగా వ్యవహరింతురు. తెలుగున 'విద్యుచ్ఛక్తి' యనుట శాస్త్రసమ్మతము. ఇచట మూలముకంటె అనువాదమే మేలైనది. జనవ్యవహారమున నిది 'కరెంటు'. మధ్య ఐరోపాలోని స్లొవాకు భాషవారును ప్రవాహార్థకమగు 'ప్రూద్' అను మాటనే యింటి విద్యుత్తునకు వాడుట వింతయైన పోలిక.

ఆ స్లొవాకు భాషయందును 'పవరు'కు ఒక్క పదము చాలలేదు. రాజ్యాధికారము 'మొత్స్', యంత్రసామర్థ్యము, నిర్వర్తించుట యను నర్థముగల 'వీకొన్', కటకమునకు 'మొహుత్నోస్త్', గణితమున 'మొత్స్నినా'. ఈ కడపటి మాట 'మొత్స్' నుండియే పుట్టినది. దీనికి మూలము ప్రాచీనము. గ్రీకు క్షేత్రగణితజ్ఞులు వర్గమునకు బలార్థకమగు 'దూనమిస్' శబ్దమును వాడిరి. లాటినువారు దానిని 'పొటెన్షియా' యనిరి. ఐరోపా భాష లాదారినే నడచినవి.

తెలుగు ఆ దారి పట్టలేదు. 2ను ఐదుమారులు వ్రాసి గుణింపగా వచ్చు 32, రెండు యొక్క ఐదవ 'ఘాతము'. సంస్కృతగణితమున హననఘాతశబ్దములు గుణకారమునకు చెల్లును. భాస్కరాచార్యుడు లీలావతిలో వర్గమును సమానమగు రెండు సంఖ్యల ఘాతముగానే నిర్వచించెను. మాటను గాక వస్తువును తెనిగించిన తీరు ఇది. విద్యుద్ఘాతమను మాట నెఱిగిన బాలుడు ఒకింత వెఱవవచ్చును గాక!

రాజనీతియందు 'అధికారము' చక్కగా కుదిరినది. పాణినీయము చదివినవారికి అధికారసూత్రములు తోచినను బాధ లేదు. 'పవరు ఆఫ్ అటార్నీ'కి హైదరాబాదు న్యాయస్థానములలో ముఖ్తారునామా యను పేరు చిరపరిచితము. 'గ్రేట్ పవరు' అగ్రరాజ్యము.

తీరని చిక్కు కండ్లద్దాలది. అరమీటరు నాభ్యంతరము గల కుంభాకారకటకము 'పవరు' 2 డయాప్టర్లు. ఇందు జరుగు పనియు లేదు, కాలమును లేదు. కిరణములను వంచు పరిమాణము మాత్రమే కలదు. అయినను దీనిని 'కటకసామర్థ్యము' అనుటచే, ఆంగ్లమునగల సందిగ్ధత తెలుగునకును సంక్రమించినది. స్లొవాకులు దీనికి వేఱుమాట నుంచుకొనిరి. తెలుగున అట్టి మాట వాడుకకు వచ్చువఱకు, సామర్థ్యమును నిర్వచింపుమని యడుగు పరీక్షకుడు దానిని కొలుచుట వాట్లలోనో డయాప్టర్లలోనో ప్రశ్నలోనే తెలుపవలసియుండును.