గొడ్డలికి పిడి వేసిన చేయి

రమజాన్ నెల చివరి పది రోజులలో మన మస్జిదుల ముందు ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తరావీహ్ నమాజు ముగించుకొని వచ్చేవారి కోసం మెట్ల పక్కన వృద్ధులు, స్త్రీలు, పిల్లలు నిలబడి ఉంటారు. మనం జేబులో చేయి పెట్టి ఒక నోటు తీసి ఇస్తాము. మనసు తేలికపడుతుంది. ఇంటికి వెళ్లిపోతాము. హుస్నాబాద్ ఇందుకు మినహాయింపు కాదు.

అయితే ఆ మెట్ల దాకా రానివారు కూడా మన వాడల్లోనే ఉన్నారు. భర్త గల్ఫ్ నుండి పంపే డబ్బు వీసా అప్పుకే చాలక, కుట్టుమిషనుపై పిల్లలను సాకుతున్న తల్లి, కిస్తీ కట్టే రోజు దగ్గరపడితే నిద్రపట్టని ఆటో డ్రైవరు, కూతురు పెళ్లికి చేసిన అప్పును మనుమరాలు పుట్టాక కూడా తీరుస్తున్న తండ్రి వంటివారు వారు. వారు చేయి చాపరు, మెట్ల దగ్గర నిలబడరు. వారి ఆత్మాభిమానాన్ని చూసి, తెలియనివారు వారిని కలవారనుకుంటారని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా ఎన్నడో గుర్తుచేసింది. ముఖకవళికలను బట్టి వారిని గుర్తించే బాధ్యతను అల్లాహ్ మనపై ఉంచాడు.

సంపద ఎవరి చేతుల్లో?

ప్రపంచ అసమానతల ప్రయోగశాల 2024 మార్చిలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022-23లో మన దేశ సంపదలో 40.1 శాతం కేవలం ఒక్క శాతం మంది చేతుల్లో ఉంది. జాతీయ ఆదాయంలో ఆ ఒక్క శాతం వాటా 22.6 శాతం. గ్రామాల్లో, చిన్న పట్టణాల్లో కష్టపడేవారు లేక కాదు ఈ స్థితి. కష్టం ఒకచోట, ఫలం మరొకచోట చేరడమే దీనికి కారణం.

బనూ నజీర్ తెగ వదిలివెళ్లిన ఆస్తి విషయంలో అవతరించిన హష్ర్ సూరా 7వ ఆయత్ ఈ రోగానికి మూలాన్ని చూపింది. సంపద ధనికుల మధ్యనే చక్రంలా తిరుగుతూ ఉండిపోకూడదన్నది ఆ ఆయత్ సారాంశం. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆ ఆస్తిలో అధిక భాగాన్ని, ఇల్లూ వాకిలీ వదలి మదీనాకు వచ్చిన ముహాజిర్లకు పంచారు. అన్సార్లలో పేదలైన ఇద్దరు ముగ్గురికి కూడా ఇచ్చారు. కనుక పేదవానికి ఇవ్వడం ధనవంతుని దయాగుణానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ధనవంతుని సొత్తులో పేదవానికి నిర్ణీతమైన హక్కు ఉంది.

మెట్ట నేల, మిత్తి భారం

హుస్నాబాద్ 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ తరువాత సిద్దిపేట జిల్లాలో చేరింది. వానపైన, బోరుపైన ఆధారపడిన మెట్ట ప్రాంతమిది. గౌరవెల్లి జలాశయం కోసం గుడాటిపల్లి ప్రజలు తమ ఊరినీ భూములనూ వదులుకోవలసి వచ్చింది. వాన తప్పితే రైతు అప్పు చేస్తాడు. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే కూలీకి పని ఉండదు, బజారులో చిన్న దుకాణానికి బేరం ఉండదు. ఒక ఇంటి కరువు పది ఇళ్ల గడప తొక్కుతుంది.

అక్కడినుండి మిత్తి మొదలవుతుంది. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చిన మనిషి నెలకు 2,500 రూపాయలు కట్టాలి. ఇరవై నెలలు గడిచేసరికి అసలుకు సమానమైన మొత్తం వడ్డీగానే వెళ్లిపోతుంది, అసలు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. సూక్ష్మరుణాల వసూళ్లు ప్రాణాల మీదికి తెచ్చిన రోజులను మన ప్రాంతం మరచిపోలేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆ సంస్థలు నమోదు చేసుకోవాలనీ, వారం వారం వసూళ్లు మాని నెలవారీగానే తీసుకోవాలనీ నిర్దేశించవలసి వచ్చింది.

ఇక్కడ మన ముఖాన్ని మనం అద్దంలో చూసుకోవాలి. వడ్డీ హరామ్ అని వేదికలపై చెబుతాము. కాని మన పక్కింటివాడు ఆసుపత్రి ఖర్చుకు పదివేలు అడిగితే, మనలో ఎందరు ఇస్తున్నాము? మన తలుపు మూసుకుంటేనే అతడు వడ్డీ వ్యాపారి తలుపు తడతాడు. ఫంక్షన్ హాళ్లు, జోడా సొమ్ము, జహేజ్ సామాను పేరిట పేద తండ్రిని అప్పులోకి నెట్టేది కూడా మన సమాజమే. నికాహ్‌ను మనం భారం చేసినంత కాలం, మనం పంచే రమజాన్ తోఫాలు ఆ అప్పులో ఒక నెల మిత్తికి కూడా సరిపోవు.

ఒక దిర్హమ్ అన్నానికి, ఒక దిర్హమ్ గొడ్డలికి

ఒక అన్సారీ సహాబీ దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి సహాయం అర్థించారు. ఇంట్లో ఏముందని ప్రవక్త (సఅసం) అడిగారు. కప్పుకోవడానికీ పరచుకోవడానికీ ఒకే ముతక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారాయన. ప్రవక్త (సఅసం) వాటిని తెప్పించి, వేలం వేసి రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒకదానితో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. ఆ గొడ్డలికి తమ శుభహస్తాలతో స్వయంగా పిడి వేసి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మనీ, పదిహేను రోజుల దాకా కనిపించవద్దనీ చెప్పి పంపారు. ఆయన తిరిగి వచ్చేనాటికి పది దిర్హమ్‌లు సంపాదించారు. ఈ వృత్తాంతం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ఇందులో ఆనాటి ఆకలికి ఆహారం ఉంది. రేపటికి పనిముట్టు ఉంది. అన్నిటికీ మించి, ఆ మనిషి కోసం వెచ్చించిన సమయం ఉంది. మనం నోటు ఇస్తున్నాము కాని, పిడి వేయడం లేదు.

పొరుగున ఉన్న పాఠం

సిద్దిపేట నుండి హుస్నాబాద్ మీదుగా ఎల్కతుర్తికి వెళ్లే దారిలోనే ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి అక్కడి రైతులను కూడగట్టి సహకార సంఘాన్ని నెలకొల్పారు. అప్పు, ఎరువు, విత్తనం, పంట కొనుగోలు అన్నీ ఆ ఒక్క గొడుగు కిందికి చేరాయి. మిగులు సభ్యులకే చేరింది. ఆ తరువాత మహిళలు తమదే అయిన పాడి సహకార సంఘాన్ని అదే ముల్కనూరులో నిలబెట్టారు. ఆ రుణ విధానంలో వడ్డీ ఉంది కనుక దానిని యథాతథంగా మనం తీసుకోలేము. కాని లెక్కల్లో నిజాయితీ, సభ్యుల పొదుపు, ఒకరికొకరు పూచీ పడే పద్ధతి మనం నేర్చుకోదగినవి.

మన మహల్లాలో ఏమి చేయగలం?

మొదట తెలుసుకోవాలి. ప్రతి మస్జిదు పరిధిలో నమ్మకస్తులైన నలుగురు కలిసి ఇళ్ల వివరాలు గోప్యంగా సేకరించాలి. ఎవరికి అప్పు ఉంది, ఎవరికి మందులు కావాలి, ఎవరి పిల్లవాడు బడి మానేశాడు అన్నది తెలియాలి.

రెండవది, జకాత్‌ను లెక్కకట్టి సమష్టిగా ఇవ్వాలి. నిసాబ్‌కు మించి ఏడాది గడిచిన సొమ్ముపై రెండున్నర శాతం జకాత్. పది లక్షల నిల్వపై అది 25 వేలు అవుతుంది. ఇరవై మంది కలిస్తే అయిదు లక్షలు. తౌబా సూరా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. ఏడాదికి నాలుగు కుటుంబాలనైనా వడ్డీ ఊబి నుండి పూర్తిగా బయటికి లాగగలిగితే, నలభై కుటుంబాలకు తలా ఒక చీర పంచడంకంటే అది మేలు.

మూడవది, ఖర్జె హసనా నిధి. జకాత్ సొమ్మును హక్కుదారునికి సొంతం చేయాలని ఉలమాలు చెబుతారు కనుక, ఈ నిధిని సదఖాలతో, స్వచ్ఛంద విరాళాలతో వేరుగా నెలకొల్పాలి. కుట్టుమిషను, తోపుడుబండి, పాడిగేదె వంటి అవసరాలకు వడ్డీ లేకుండా ఇచ్చి, వీలైన కిస్తీలలో తిరిగి తీసుకోవాలి. ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వడం, వీలైతే మాఫీ చేయడం ఉత్తమమని అల్లాహ్ బోధించాడు. పొరుగువాని కడుపు నింపే విషయంలో అతని మతాన్ని అడగనక్కరలేదు. సదఖా ద్వారం అందరికీ తెరిచే ఉంటుంది.

ఇచ్చేటప్పుడు ఫొటోలు వద్దు. ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించడంతో దానం వ్యర్థమవుతుందన్న హెచ్చరిక బఖరా సూరాలోనే ఉంది. పుచ్చుకున్నవాని పిల్లలు రేపు ఆ ఫొటో చూసి తలదించుకుంటే, ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

ప్రళయదినాన సంపదను ఎలా సంపాదించావని, ఎక్కడ ఖర్చుచేశావని ప్రతి ఒక్కరికీ ప్రశ్న ఎదురవుతుంది. ఈ రమజాన్‌లో మస్జిదు మెట్లు దిగేటప్పుడు జేబులోని నోటుతో పాటు, మెట్ల దాకా రాని ఆ ఇంటి చిరునామాను కూడా వెదుకుదాం. కుటుంబమంతా కూర్చుని, ఈ ఏడాది మనం ఎవరి గొడ్డలికి పిడి వేయగలమో నిర్ణయించుకుందాం. అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధపరచుగాక! మన చేతులను ఇచ్చే చేతులుగా ఉంచుగాక! ఆమీన్.