పాత పికప్‌కు ఇంజిన్ మారుస్తున్నారా? మెకానిక్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

పదేళ్లు దాటిన బొలెరో పికప్పో, టాటా ఏసో మీ ఇంట్లో ఉంటే ఈ పరిస్థితి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కాలంటే బండి ఆయాసపడుతుంది. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంది. తరచూ ఆయిల్ పోయాల్సి వస్తుంది. అప్పుడు మెకానిక్ రెండు దారులు చూపిస్తాడు. ఒకటి, ఉన్న ఇంజిన్‌నే విప్పి బోర్ చేయించడం. రెండోది, వేరే ఇంజిన్ ఎక్కించడం.

ఖర్చెంత, బండి ఎన్ని రోజులు ఆగుతుంది అన్న రెండు లెక్కలు వేసుకుని చాలామంది అక్కడే తేల్చేస్తారు. మూడో లెక్క ఒకటుంది. మొదటి దారిలో మీ ఆర్సీ అలాగే ఉంటుంది. రెండో దారిలో ఆర్సీ కూడా మారాలి. అది మారకపోతే ప్రమాదం జరిగినప్పుడో, ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడో సమస్య బయటపడుతుంది.

తేడా ఎక్కడుంది?

ఇంజిన్ నంబర్ ఉండేది సిలిండర్ బ్లాక్ మీద. ఆర్సీలో, ఇన్సూరెన్స్ పాలసీలో ఉండేది ఆ నంబరే. పిస్టన్లు, హెడ్, క్యామ్‌షాఫ్ట్, ఇంజెక్టర్లు మారిస్తే నంబర్ మారదు కాబట్టి అది మరమ్మతు కిందికే వస్తుంది. బ్లాక్ మారితే మాత్రం బండికీ కాగితాలకీ పొంతన పోతుంది. అందుకే మెకానిక్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న: ‘నా బ్లాక్ ఉంటుందా, పోతుందా?’

ముందు అసలు లోపం తేల్చండి

ఇంజిన్ మొత్తం పోయిందని ఒప్పుకునే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఏ సిలిండర్‌లో ఒత్తిడి తగ్గిందో అందులో తెలుస్తుంది. పొగ రంగు కూడా కొంత చెబుతుంది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ వస్తే డీజిల్ పూర్తిగా కాలడం లేదు. దానికి ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో కారణం కావచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నల్ల పొగ ఒక్కటే కనిపించిన బండికి ఇంజిన్ మార్చాలని ఎవరైనా అంటే ఇంకో మెకానిక్‌కు చూపించండి.

క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

కొన్నిసార్లు సరిపోతుంది. వాల్వులను సరైన సమయానికి తెరిచేది క్యామ్‌షాఫ్టే. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీది ఉబ్బెత్తు భాగాలు, అంటే లోబ్స్, అరిగితే వాల్వులు పూర్తిగా తెరుచుకోవు. గాలి తగ్గుతుంది, లాగే శక్తి పడిపోతుంది, ఇంజిన్ పైభాగంలో టకటక శబ్దం వస్తుంది. కంప్రెషన్ బాగుండి ఈ లక్షణాలు ఉంటే క్యామ్‌షాఫ్ట్‌ను అనుమానించాలి.

కొనేటప్పుడు బండి పేరు చెబితే చాలదు. ఒకే మోడల్ బండిలో వేర్వేరు ఇంజిన్లు వచ్చి ఉండొచ్చు. ఇంజిన్ రకం, తయారైన సంవత్సరం చెప్పి, పార్ట్ నంబర్ సరిపోల్చుకుని తీసుకోండి. పాత ట్యాపెట్లు అలాగే ఉంచి కొత్త క్యామ్ వేయిస్తే అది త్వరగా అరిగిపోయే ప్రమాదం ఉంది. రెండూ కలిపి మార్పించండి. అరిగిన లోహం పొడి ఆయిల్‌లో కలిసి ఉంటుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆయిల్ పంపును కూడా చూపించండి. అసలు అరుగుదలకు కారణం ఆయిల్ ప్రెషర్ తగ్గడమే అయితే కొత్త క్యామ్ కూడా నిలవదు. పికప్ పెంచుతుందని చెప్పి అమ్మే రేసింగ్ రకం క్యామ్ జోలికి వెళ్లొద్దు. దాని బలం ఎక్కువ వేగంలో కనిపిస్తుంది. సరుకు బండికి కావాల్సింది తక్కువ వేగంలో లాగే శక్తి.

బోరింగా, వేరే ఇంజినా?

బ్లాక్ పగలకుండా ఉంటే బోరింగ్ మంచి దారి. లేత్‌లో సిలిండర్లను బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు, లేదా కొత్త లైనర్లు దించుతారు. క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని కూడా అప్పుడే చేయించుకోవచ్చు. నంబర్ అదే కాబట్టి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లే పని లేదు. నంబర్ ఉన్న చోట గ్రైండింగ్ పడకుండా చూడమని మాత్రం ముందే చెప్పండి.

బ్లాక్ పగిలినా, బాగు చేయలేని స్థితిలో ఉన్నా వేరే ఇంజిన్ తప్పదు. అప్పుడు అదే కంపెనీ, అదే రకం, అదే ఇంధనం, అదే సీసీ ఉన్నదే చూడండి. ఉద్గారాల స్థాయి కూడా కలవాలి. దేశమంతటా బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. వీటి మధ్య సెన్సర్లు, వైరింగ్, పొగను శుద్ధి చేసే పరికరాలు మారిపోతాయి. ఒకదాని ఇంజిన్ ఇంకోదానిలో బిగిస్తే బండి సరిగా నడవదు, అనుమతీ కష్టమవుతుంది.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అయితే అది ఏ బండిదో తెలియాలి. ఆ బండి ఆర్సీ కాపీ, ఇంజిన్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. దొంగ బండి ఇంజిన్ అని తర్వాత తేలితే పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరి తీర్పులో ఇదే చెప్పింది. పదికి తగ్గకుండా రవాణా వాహనాలున్న యజమానులు ముందస్తు అనుమతి లేకుండానే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసుకునేలా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా వీలు కల్పించవచ్చు. వాళ్లు కూడా 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. ఒక్క బండి ఉన్న మీరు ముందే అనుమతి తీసుకోవడం క్షేమం. నిబంధనలకు విరుద్ధంగా మార్పులు చేస్తే సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఏ వరుసలో చేయాలి?

1. బండి మీద ఫైనాన్స్ ఉంటే ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి.
2. ఇంజిన్ కొనే ముందే మీ ఆర్టీవో కార్యాలయంలో కనుక్కోండి. ఏ కాగితాలు కావాలో, ఫీజు ఎంతో, స్లాట్ ఎలా బుక్ చేయాలో అక్కడే తెలుస్తుంది.
3. అనుమతి వచ్చాకే బిగించండి. కొత్త ఇంజిన్ బిల్లు, మెకానిక్ బిల్లు దాచుకోండి.
4. బండిని మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్‌కు, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారికి చూపించి, కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోండి.
5. ఆ ఆర్సీతో ఇన్సూరెన్స్ పాలసీలోనూ నంబర్ మార్పించండి. పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించండి.

ఐదోది చాలామంది మరిచిపోతారు. ప్రమాదం జరిగాక సర్వేయర్ ఇంజిన్, ఛాసిస్ నంబర్లను పాలసీతో పోల్చి చూస్తాడు. అక్కడ తేడా వస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

‘పాత నంబరే గుద్దిస్తాం’ అంటే?

ఒప్పుకోవద్దు. పాత నంబర్‌ను వేరే బ్లాక్ మీద సొంతంగా గుద్దించడం మరమ్మతు కాదు, ట్యాంపరింగ్. బండి దొంగతనం కేసుల్లో పోలీసులు ముందు చూసేది దాన్నే. మీరు డబ్బు పెట్టి కొన్న ఇంజిన్ కూడా అనుమానంలో పడుతుంది.

కొత్త ఇంజిన్‌తో బండి వయసు తగ్గుతుందా?

తగ్గదు. వయసు లెక్క ఆర్సీలోని తేదీ నుంచే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాల్సిందే. అక్కడ బ్రేకులు, స్టీరింగ్, బాడీ, లైట్లు కూడా చూస్తారు. ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే మంచి ఇంజిన్ వేసినా ఫలితం ఉండదు. కాబట్టి ముందు బండిని పైకెత్తించి కింద చూపించండి. ఇంజిన్ ఖర్చుకు మిగతా మరమ్మతులు కూడా కలిపి, ఆ మొత్తాన్ని బండి అమ్మితే వచ్చే ధరతో పోల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. వారంటీ మాట బిల్లు మీద రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూపించగలిగే ఆధారం అదే.