తాతలనాటి మంగలికత్తి



మన చంద్రపూర్‌లో ఒకే వస్తువుకు మూడు పేర్లు వినిపిస్తాయి. తెలుగువాళ్ళం మంగలికత్తి అంటాం. మరాఠీవారు వస్తరా అంటారు. హిందీలో అదే ఉస్తరా. పిడిలోకి మడిచిపెట్టే ఈ పాత కత్తి స్థానంలో సెలూన్లకు బ్లేడు మార్చుకునే కత్తి వచ్చేసింది. కానీ అటక మీది రేకుపెట్టెలోనో, తాతగారు వదిలివెళ్ళిన పొదిలోనో పాతది ఇంకా ఉండవచ్చు. అది మీ చేతికి వస్తే ఏం చేయాలి? ఈనాటి ప్రసంగంలో ముఖ్యమైన మాట ఒక్కటే. ముందు చదవండి, ఆ తరువాతే తుడవండి. తుప్పు కత్తిని తినడానికి ఏళ్ళు పడుతుంది. తొందరపడిన చెయ్యి ఒక్క పూటలో పాడుచేస్తుంది.

చదవడమంటే ఏమిటి? కత్తి తెరిచి, పదును ముగిసే చోటికీ, పిడి మేకుకూ మధ్యనున్న మందపాటి మెడను చూడండి. తయారీదారు పేరు, ఊరు, గుర్తు ఉండేది అక్కడే. దుమ్ము ఉంటే మెత్తని పొడిగుడ్డతో అద్ది, ఏటవాలుగా వెలుగు పడేటట్టు పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

ఎక్కువగా కనిపించే ఊరిపేర్లు రెండు. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్. నక్షత్రం, దాని పక్కన నాలుగు చేతుల శిలువ ఉంటే అది షెఫీల్డుకు చెందిన జోసఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ గుర్తు. కాలాన్ని కూడా ఈ మెడే చెబుతుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసింది. అందువల్ల ఇంగ్లండ్ అనో, జర్మనీ అనో దేశం పేరు ఉన్న కత్తి సాధారణంగా 1891 తరువాతిది. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. జోలింగెన్ పేరును ఇతరులు వాడుకోకుండా 1938లో చట్టమే వచ్చింది.

ఇంత దూరపు కత్తి ఇక్కడికి ఎలా చేరిందని అడగవచ్చు. ఈ ఊరు 1964 వరకు చాందా. పక్కనున్న రాజురా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుమార్గం పూర్తయింది. బొగ్గు గనులకు, కాగితం మిల్లుకు పనికోసం తెలుగువాళ్ళు తరలివచ్చారు. పనివాళ్ళు స్థిరపడిన చోటికి క్షురకవృత్తివారూ వస్తారు, వారి పొదీ వస్తుంది. మెడ మీది ఆ నాలుగు అక్షరాలు మీ కుటుంబ చరిత్రలో ఒక పుట కావచ్చు.

తరువాత పిడిని చూడండి. కొమ్ముతో చేసినదైతే ఎండకు పొడిబారి పగులుతుంది, పురుగు కూడా తొలుస్తుంది. అప్పుడప్పుడు ఒక చుక్క నూనె రాస్తే చాలు. రంగురంగుల పిడి సెల్యులాయిడ్ కావచ్చు. వేలితో రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అదే. దీన్ని నిప్పు దగ్గరికి తీసుకువెళ్ళకండి, భగ్గున మండుతుంది. పాతబడి జిగటగానో, పెళుసుగానో మారితే దానినుంచి వెలువడే ఆవిరి పక్కనున్న ఉక్కును తినేస్తుంది. కత్తి మడిచిన చోటే తుప్పు పట్టడానికి ఇదొక కారణం. అలాంటి పిడిని విప్పించి వేరుగా ఉంచాలి. మన వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి రేకుల కప్పు కింద దాచనే వద్దు.

పిడి ఏనుగు దంతమని తేలితే మరో జాగ్రత్త కావాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. అలాంటి కత్తిని అమ్మకండి, కొనకండి. అటవీశాఖవారిని అడిగి తెలుసుకోండి.

ఇక శుభ్రం చేయడం. ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండుతో తోమకండి. పులుపు ఉక్కును తింటుంది, అక్షరాలనూ తింటుంది. గరుకు కాగితమూ వద్దు. రెండు చుక్కల కుట్టుమిషను నూనె రాసి, ఒక రాత్రి వదిలి, మెత్తని గుడ్డతో వీపు వైపునుంచి పదును వైపుకు తుడవండి. పదునుకు అడ్డంగా వేలు పోనివ్వకండి. పైపైన ఉన్న ఎర్ర తుప్పు రెండు మూడు విడతల్లో పోతుంది. నల్లగా నిలిచిన మచ్చ వయసు గుర్తు. దాన్ని ఉండనివ్వండి.

వీధిలో సానపట్టే వారి తిరుగుడు చక్రానికి మాత్రం ఇవ్వవద్దు. రాపిడి వేడికి పలుచని అంచు నీలంగా మారిందంటే ఉక్కు తన గట్టిదనం కోల్పోయినట్టే. మళ్ళీ ఎంత నూరినా పదును నిలవదు. ఈ కత్తిని నూరడానికి చదునైన నీటిరాయి కావాలి. వీపూ పదునూ రెండూ రాయికి ఆనుతూ, పదును ముందుగా కదలాలి. తోలుపట్టా మీద దీనికి తలకిందులు. అక్కడ వీపు ముందు నడవాలి, లేకపోతే తోలు తెగుతుంది. మంగలి పాత, చాకలి కొత్త అన్న సామెత ఊరికే రాలేదు. ఈ పని అనుభవమున్న చెయ్యి దగ్గరే నేర్చుకోవాలి.

దాచేటప్పుడు నూనె పూసి, నూనెకాగితంలో చుట్టండి. తోలు సంచిలో పెడితే వానాకాలపు తేమను అది పీల్చి కత్తికి అందిస్తుంది. కొబ్బరినూనె కన్నా మిషను నూనె మేలు. కొబ్బరినూనె కాలక్రమంలో జిడ్డుకట్టి కారిపోతుంది. ఖండేనవమికో, దసరా ఆయుధపూజకో బయటికి తీసి పసుపు కుంకుమ పెడతారు. పెట్టండి. కానీ ఆ తడి పసుపును మర్నాటిదాకా ఉంచకుండా సాయంత్రమే తుడిచి నూనె రాయండి.

చివరగా ఒక హెచ్చరిక. ఈ కత్తిని ఒకరి తరువాత ఒకరికి వాడవద్దు. హెపటైటిస్ బి, ఎచ్.ఐ.వి. వంటివి రక్తం ద్వారా సోకుతాయి. కంటికి కనిపించనంత గాటు చాలు. సెలూన్‌లో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేయమని అడగడం మన హక్కు.

మరాఠీ సంత్ పరంపరలో సేనా మహారాజ్ క్షురకుడే. చేతిలో కత్తి పట్టుకునే భక్తి గీతాలు చెప్పిన మనిషి. ఆ వృత్తికి అంతటి గౌరవం ఉన్న నేల మీద మనం ఉన్నాం. మీ ఇంట్లో పాత కత్తి ఉంటే ఈ ఆదివారం తీసి చూడండి. మెడ మీద కనిపించిన అక్షరాలను, అది ఎవరిదో, ఏ ఊరినుంచి తెచ్చారో పెద్దలను అడిగి, ఒక చీటీ మీద రాసి, కత్తితోపాటే ఉంచండి. ఆ చీటీ లేకపోతే రేపు మీ మనవలకు అది ఉత్త ఇనుపముక్కే.