నిజం చెప్పినా అబద్ధమంటున్నారా?

చిన్నప్పుడు రాముడు–సీత చీటీలాట ఆడే ఉంటారు. రాముడి చీటీ వచ్చినవాళ్లు మిగతావాళ్ల ముఖాలు చూసి సీత ఎవరో చెప్పాలి. పెద్దమందడి నుంచి వనపర్తి కాలేజీకి పోయే దోస్తులు నలుగురున్నారా? ఇంటర్వ్యూకు ముందు దాన్నే కాస్త మార్చి ఆడండి. మీ రెజ్యూమె నుంచి రెండు నిజాలు, కల్పించిన అబద్ధం ఒకటి చెప్పండి. అబద్ధమేదో వాళ్లు కనిపెట్టాలి. దొరికిపోతే నవ్వుకోండి, పర్లేదు. మీరు నిజంగా చేసిన ప్రాజెక్టునే అబద్ధమన్నారంటే మాత్రం ఆగాలి. ఎందుకలా అనిపించిందో అడగండి. నేలచూపులా, నీళ్లు నమలడమా, బట్టీ పట్టినట్టు అప్పజెప్పడమా? మొహమాటం లేకుండా చెప్పేది దోస్తులే. ‘అందులో నువ్వు చేసిందేంటి?’ అని వాళ్లతోనే అడిగించుకోండి. జవాబులో మీ చేతులతో చేసిన పని ఒక్కటి చేర్చి మళ్లీ చెప్పండి, ఈసారి నమ్ముతారేమో చూడండి.